రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే కాయిలోవర్: క్లిక్కులు తర్వాత, మొదట చక్రం కదలడానికి చోటు

స్ప్రింగూ డంపరూ (షాక్ అబ్జార్బర్) ఒకే యూనిట్‌గా వచ్చి, కారు ఎత్తు సర్దుకోనిచ్చే సస్పెన్షన్ సెట్టే కాయిలోవర్. అది కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: వన్ వేనా, టూ వేనా (అంటే డంపింగ్ సర్దే నాబ్‌లు ఎన్ని), ఒక్కో నాబ్‌కి ఎన్ని క్లిక్కులు? ఆ ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. వారమంతా రోడ్డు మీద తిరిగి, అప్పుడప్పుడు ట్రాక్ ఎక్కే స్పోర్ట్స్ కారుకి సస్పెన్షన్ కుదిరిందా లేదా అన్నది మూడు విషయాలు తేలుస్తాయి. స్ప్రింగ్ ఎంత గట్టిది? కారు ఎంత ఎత్తులో నిలబడింది? ఆ ఎత్తు నుంచి బంప్ స్టాప్ (డంపర్ పూర్తిగా మూసుకుపోకుండా ఆపే మెత్తటి దిమ్మ) తగిలేలోపు చక్రం పైకి కదలడానికి ఎంత చోటు మిగిలింది? ఈ మూడూ కుదరకపోతే నలభై క్లిక్కుల నాబ్ ఉన్నా అది చేయగలిగింది ఏమీ లేదు. మూడూ కుదిరితే ఒక్క నాబ్ కూడా లేని డంపర్‌తో హాయిగా నడుస్తుంది. 2014 షెవర్లే కమారో జెడ్/28 ట్రాక్‌ని దృష్టిలో పెట్టుకుని తయారైన కారు. దానికి మల్టీమాటిక్ స్పూల్ వాల్వ్ డంపర్లు వేశారు. డ్రైవర్ తిప్పుకునే అడ్జస్టర్ వాటికి ఒక్కటీ లేదు. ఫ్యాక్టరీ వాళ్లు స్ప్రింగూ డంపరూ ఒకదానికొకటి సరిపడేలా ముందే కుదిర్చి పంపారు. మనం బయట కొనే సెట్‌లో ఆ కుదిర్చే పని మన మీద పడుతుంది, తేడా అంతే.

స్ప్రింగ్ లెక్క

స్ప్రింగ్ గట్టిదనాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో కొలతలో రాస్తుంది. ఒక మి.మీ. నలగడానికి ఎన్ని కిలోలు, ఎన్ని న్యూటన్లు, లేదా ఒక అంగుళానికి ఎన్ని పౌండ్లు అని. 1 కిలో/మి.మీ. అంటే 9.8 న్యూటన్లు/మి.మీ., పౌండ్లలో చెప్తే అంగుళానికి 56. రెండు సెట్లను పోల్చేముందు అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చుకోండి. ఇక్కడే చాలామంది పొరపడతారు.

కొలత కుదిరినా "ఎనిమిది కిలోల స్ప్రింగ్" అన్న మాటతో తేలేది తక్కువ. ఆ స్ప్రింగ్ చక్రం దగ్గర ఎంత బలం చూపిస్తుందన్నది ముఖ్యం. చక్రం 10 మి.మీ. పైకి లేచినప్పుడు స్ప్రింగ్ ఎన్ని మి.మీ. నలుగుతుందో ఆ నిష్పత్తే మోషన్ రేషియో. మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో (కింద ఒక ఆర్మ్, పైన డంపరే చక్రాన్ని పట్టి ఉంచే రకం) స్ప్రింగ్ దాదాపు చక్రం పక్కనే ఉంటుంది కాబట్టి ఇది 0.95 దరిదాపుల్లో ఉంటుంది. డబుల్ విష్‌బోన్‌లో (పైనా కిందా రెండు ఆర్మ్‌లు చక్రాన్ని పట్టి ఉంచే రకం) డంపర్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగిస్తారు కాబట్టి 0.6 నుంచి 0.75 మధ్య ఉండొచ్చు. స్ప్రింగ్ గట్టిదనాన్ని ఈ రేషియో వర్గంతో గుణిస్తే చక్రం దగ్గర గట్టిదనం వస్తుంది. వర్గం అన్న మాట మరిచిపోవద్దు, తేడా అంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కారు ఒక మూల మీద 350 కిలోల బరువు పడుతోంది. అందులో చక్రం, టైరు, బ్రేక్, హబ్ కలిపి 40 కిలోలు స్ప్రింగ్ కింద ఉండేవి. మిగతా 310 కిలోలు స్ప్రింగ్ మోస్తుంది. ఆ మూల సెకనుకి రెండుసార్లు ఊగేలా, అంటే 2.0 హెర్ట్జ్ వద్ద పెట్టాలనుకుంటే చక్రం దగ్గర 49 న్యూటన్లు/మి.మీ. కావాలి. స్ట్రట్ కారులో దానికి 5.5 కిలోల స్ప్రింగ్ చాలు. మోషన్ రేషియో 0.7 ఉన్న డబుల్ విష్‌బోన్ కారులో అదే పనికి 10 కిలోలు దాటిన స్ప్రింగ్ కావాలి. రెండు కార్లూ ఒకేలా నడుస్తాయి. మాజ్డా ఎంఎక్స్-5 కి పెట్టిన అంకె చూసి టొయోటా జీఆర్86 ముందు భాగానికి అదే అడగడం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది. మొదటిదానికి ముందు డబుల్ విష్‌బోన్, రెండోదానికి ముందు స్ట్రట్.

ఎన్ని హెర్ట్జ్ కావాలన్నది టైరూ రోడ్డూ చెప్పాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే స్పోర్ట్స్ కార్లు చాలావరకు 1.3 నుంచి 1.6 మధ్య ఉంటాయి. మంచి రోడ్ టైర్ల మీద రోజూ నడిపే కారుకి 1.7 నుంచి 1.9 సరిపోతుంది. ట్రాక్ కోసం చేసిన మెత్తటి రబ్బరు టైర్లు వేసి, కాస్త కుదుపు ఓర్చుకుంటామంటే 2.0 నుంచి 2.2. అంతకు మించి వెళ్తే గతుకుల రోడ్డు మీద టైరు నేలను వదిలి ఎగరడం మొదలవుతుంది. రోడ్డు టైరు ఇచ్చే పట్టు తక్కువ కాబట్టి ఆ గట్టి స్ప్రింగ్‌ని పూర్తిగా వాడుకోవడం కూడా కుదరదు. 3 హెర్ట్జ్, ఆ పైన అన్నవి పెద్ద వింగులతో గాలి కారుని కిందికి నొక్కే బలం (డౌన్‌ఫోర్స్) వేల న్యూటన్లలో పుట్టించే కార్ల లెక్కలు. అవి చూసి ఆశపడొద్దు.

ముందూ వెనకా ఒకే అంకె పెట్టరు. గతుకు ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనక చక్రానికి కొంచెం ఆలస్యంగా. వెనకది కాస్త త్వరగా ఊగితే రెండు ఊపులూ కలిసిపోయి కారు ముక్కు ఎగరేయకుండా సమంగా లేచి దిగుతుంది. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ పట్టుకున్న సూత్రం ఇది. రోడ్డు కోసం వెనక 10 నుంచి 20 శాతం ఎక్కువ హెర్ట్జ్ పెట్టడం ఇప్పటికీ నడుస్తోంది. ట్రాక్ మీదే ఎక్కువ తిరిగే కార్లకి దీన్ని తిరగేసి ముందు ఎక్కువ పెట్టడం కూడా ఉంది. స్టీరింగ్‌కి కారు త్వరగా స్పందిస్తుంది, కానీ రోడ్డు మీద ముందుకీ వెనక్కీ ఊగడం మొదలవుతుంది.

చోటు

స్ప్రింగ్ ఎంత గట్టిదైతే కారు తన బరువుకి అంత తక్కువ కుంగుతుంది. 1.3 హెర్ట్జ్ వద్ద చక్రం దగ్గర 147 మి.మీ. కుంగితే, 2.0 వద్ద 62 మి.మీ. మాత్రమే. 2.5 వద్ద 40. ఎన్ని కిలోల కారైనా ఈ అంకెలు మారవు, హెర్ట్జ్ మీదే ఆధారపడతాయి. గట్టి స్ప్రింగ్ వేసిన కారులో చక్రం గుంతలోకి దిగే చోటు కూడా ఈ మేరకే ఉంటుంది. 62 మి.మీ. దిగాక స్ప్రింగ్ వదులైపోతుంది. ఇంకా డంపర్ సాగితే స్ప్రింగ్ తన సీటు మీద నుంచి ఎగిరి, తిరిగి పడేటప్పుడు వంకరగా కూర్చుంటుంది. దాన్ని సీటు మీదే పట్టి ఉంచడానికే పైన పల్చటి హెల్పర్ స్ప్రింగ్ వేస్తారు. దానికి చెప్పుకోదగ్గ బలం ఉండదు. టెండర్ స్ప్రింగ్ వేరు, దానికి బలం ఉంటుంది, అది మొదటి కొన్ని మి.మీ.లలో పెద్ద స్ప్రింగ్‌తో కలిసి మెత్తగా పనిచేస్తుంది. అమ్మేవాళ్లు రెంటినీ ఒకే పేరుతో పిలుస్తుంటారు కాబట్టి అంకె అడిగి తీసుకోండి.

ఇక పైకి కదిలే చోటు. గట్టిగా మలుపు తిరిగేటప్పుడు కారు 2.5 డిగ్రీలు వాలిందనుకుందాం. ఎడమ కుడి చక్రాల మధ్య 1.5 మీటర్ల దూరం ఉన్న కారులో బయటి చక్రం 33 మి.మీ. పైకి, ఫెండర్ లోపలికి వెళ్తుంది. బ్రేక్ తొక్కుతూ మలుపులోకి దిగితే ముక్కు కుంగడానికి ఇంకో 15 నుంచి 20. ఆ సమయంలో కెర్బ్ (ట్రాక్ పక్కన ఉండే గట్టు) అంచు తగిలితే పైన ఇంకో 15. మొత్తం 65 దగ్గర తేలుతుంది. చక్రం దగ్గర 65 మి.మీ. కంటే తక్కువ చోటు ఉంటే మలుపు మధ్యలో బంప్ స్టాప్ తగులుతుంది. బంప్ స్టాప్ నలిగేకొద్దీ గట్టిపడే ఇంకో స్ప్రింగ్ లాంటిది. ఆ క్షణంలో ఆ చక్రం గట్టిదనం ఒక్కసారిగా రెండింతలో మూడింతలో అవుతుంది. ముందు తగిలితే కారు మలుపు తిరగక బయటికి జారుతుంది, వెనక తగిలితే తోక తిరుగుతుంది. చాలామంది దీన్ని డంపింగ్ లోపం అనుకుని క్లిక్కులు తిప్పుతూ రోజంతా గడిపేస్తారు.

ఉన్న చోటు ఎంతో కొలవడం కష్టమేమీ కాదు. కాయిలోవర్ నుంచి స్ప్రింగ్ తీసేసి, బంప్ స్టాప్ ఉంచి, కారుకి బిగించండి. చక్రం కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తుతూ బంప్ స్టాప్ తగిలిన చోట ఆపండి. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిచి రాసుకోండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడ్డప్పుడు అదే కొలత మళ్లీ తీసుకుంటే, రెంటి తేడాయే మీ చోటు. అదే ఊపులో చక్రాన్ని స్టాప్ నలిగే వరకు ఇంకా ఎత్తి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడ ఫెండర్ లైనర్‌కి రాసుకుంటోందో చూడండి. తర్వాత నడిపేటప్పుడు కనిపెట్టడానికి డంపర్ రాడ్ మీద సన్నటి కేబుల్ టై ఒకటి బిగించి, సీల్ దగ్గరికి జరిపి వదిలేస్తే చాలు. ట్రాక్ మీద నాలుగు ల్యాప్‌లు తిరిగి వచ్చి చూస్తే అది రాడ్ మీద ఎక్కడ ఆగిందో అదే ఆ చక్రం చేసిన అత్యధిక ప్రయాణం. టై బంప్ స్టాప్‌లో కూరుకుపోయి కనిపిస్తే ఎత్తు పెంచాలి లేదా స్ప్రింగ్ గట్టిది వేయాలి. క్లిక్కుల జోలికి అప్పుడే పోవద్దు.

స్ప్రింగ్ పొడవు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పై డబుల్ విష్‌బోన్ ఉదాహరణే తీసుకుంటే, కారు నిలబడితే స్ప్రింగ్ 44 మి.మీ. నలుగుతుంది, చక్రం 65 మి.మీ. లేస్తే ఇంకో 45. మొత్తం 89. 180 మి.మీ. పొడవున్న స్ప్రింగ్ చుట్లన్నీ కలిసిపోయేసరికి 85 మి.మీ. అవుతుందనుకుంటే నలగడానికి ఉన్నది 95. మిగిలింది 6 మి.మీ. బంప్ స్టాప్ కూడా కొంత నలుగుతుంది కదా, దానికి ఈ 6 చాలదు. చుట్లు ఒకదానికొకటి తగిలాయంటే సస్పెన్షన్ రాయిలా బిగుసుకుపోతుంది, పై మౌంట్ పగిలే ప్రమాదం ఉంది. ఇంకో 20 మి.మీ. పొడవున్న స్ప్రింగ్ తీసుకోవాలి. స్ప్రింగ్ లోపలి వ్యాసం 60, 63.5, 65 మి.మీ.లలో ఒకటైతే తర్వాత వేరే కంపెనీ స్ప్రింగ్ మార్చుకోవడం తేలిక. గుమ్మటంలా ఒకవైపు సన్నబడే ప్రత్యేక స్ప్రింగ్ ఉన్న సెట్ కొంటే ఆ కంపెనీ ఇచ్చిందే గతి.

ఎత్తు దించడం

సర్దుకునే సస్పెన్షన్ చేతికి రాగానే కారు దించాలన్న కోరిక పుడుతుంది. ఫ్యాక్టరీ ఎత్తు నుంచి 20, 25 మి.మీ. దించితే బరువు కేంద్రం కిందికి వచ్చి లాభం కనిపిస్తుంది. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ కార్లలో అంతకు మించితే మొదటికే మోసం వస్తుంది. కారు దిగేకొద్దీ కింది ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది. అది అడ్డంగా ఉన్న స్థితి దాటిందంటే రోల్ సెంటర్ (కారు ఏ బిందువు చుట్టూ పక్కకి వాలుతుందో అది) బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారిపోతుంది. రెంటి మధ్య దూరం పెరిగి, గట్టి స్ప్రింగ్ వేసిన కారు కూడా ముందుకంటే ఎక్కువ వాలుతుంది. పైగా వాలినప్పుడు క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలి ఉండే కోణం) పెరగాల్సింది పోయి తగ్గుతుంది. స్టీరింగ్ రాడ్ కోణం మారి, గతుకు తగిలిన ప్రతిసారీ టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) దానంతట అదే మారుతుంది. దాన్నే బంప్ స్టీర్ అంటారు. పొడవు కాడ ఉన్న బాల్ జాయింట్లు, వాటికి జోడుగా టై రాడ్ ఎండ్‌లు వేస్తే ఈ కోణాలు సరవుతాయి. బడ్జెట్‌లో వాటికి చోటు లేకపోతే కారుని ఎక్కువ దించకండి. చూడ్డానికి అందంగా లేకపోయినా ఎత్తుగా ఉన్న కారే వేగంగా వెళ్తుంది.

ఎత్తు మార్చే పద్ధతులు రెండు. చవక రకాల్లో స్ప్రింగ్ కింది సీటును కిందికి తిప్పుతారు. కారు దిగుతుంది, దాంతోపాటు పైకి కదిలే చోటూ అంత మేర పోతుంది. రెండో రకంలో డంపర్ కింది బ్రాకెట్ వేరుగా తిరుగుతుంది. స్ప్రింగ్ సీటు కదలదు, డంపర్ స్ట్రోక్ పూర్తిగా మిగులుతుంది. అవకాశం ఉంటే ఈ రకమే తీసుకోమంటాను. అయితే బ్రాకెట్‌లో కనీసం ఎన్ని మి.మీ. మర లోపల ఉండాలో తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. టైరు ఫెండర్‌కి తగలకుండా చూసుకునే బాధ్యత కూడా అప్పుడు మీదే.

ప్రీలోడ్ గురించి, అంటే కారు బరువు పడకముందే స్ప్రింగ్‌ని కొంత నలిపి ఉంచడం గురించి ఒక్క మాట. స్ప్రింగ్ సీటు పైకి తిప్పి ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. సమానంగా చుట్టిన స్ప్రింగ్ గట్టిదనం ప్రీలోడ్‌తో మారదు. కారు ఎత్తు, కిందికి దిగే చోటు మాత్రమే మారతాయి. హెల్పర్ లేని సెట్‌లో స్ప్రింగ్ వదులుగా తిరగకుండా 2, 3 మి.మీ. బిగిస్తే సరి.

డంపర్, నాబ్‌లు

డంపర్ పని స్ప్రింగ్ ఊపుని అదుపులో పెట్టడం. స్ప్రింగ్ మారితే డంపింగ్ కూడా మారాలి, కానీ అదే నిష్పత్తిలో కాదు, వర్గమూలం లెక్కన. స్ప్రింగ్ గట్టిదనం రెట్టింపు అయితే 41 శాతం ఎక్కువ డంపింగ్ కావాలి. ఈ ఒక్క అంకె దగ్గర పెట్టుకుంటే చాలా మాయమాటలు తేలిపోతాయి. ఫ్యాక్టరీ డంపర్ల మీద రెట్టింపు గట్టి స్ప్రింగ్‌లు వేస్తే కారు గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగడం ఇందుకే. మరోవైపు, మంచి డంపర్‌కి సర్దుబాటు పరిధి ఉంటే ఒకే జత డంపర్లతో స్ప్రింగ్‌లు 20, 30 శాతం అటూ ఇటూ మార్చుకోవచ్చు. నాబ్ వల్ల వచ్చే అసలు లాభం నాకు ఇదే అనిపిస్తుంది.

రాడ్ కదిలే వేగాన్ని బట్టి డంపర్ పని రెండు రకాలు. సెకనుకి 50 మి.మీ. లోపు వేగం కారు బాడీ కదలికది: వాలడం, ముక్కు కుంగడం, తోక దిగడం. అంతకు ఎన్నో రెట్లు వేగం గుంతలది, కెర్బ్‌లది. డ్రైవర్ చేతికి తెలిసేది మొదటిది, వీపుకి తెలిసేది రెండోది. మంచి వాల్వింగ్ అంటే నెమ్మది వేగంలో గట్టిగా పట్టి, వేగం పెరగ్గానే వదిలేయడం. చవక డంపర్లలో నాబ్ తిప్పితే నూనె పక్కదారిన పోయే చిన్న రంధ్రం మూసుకుంటుంది, అంతే. గట్టి వైపు తిప్పిన కొద్దీ గతుకులు కూడా వీపుకి తగులుతాయి.

వన్ వే అంటే ఒక నాబ్. కొన్నిటిలో అది రీబౌండ్‌నే (డంపర్ సాగేటప్పుడు చూపే బలం) మారుస్తుంది, కొన్నిటిలో రీబౌండ్, కంప్రెషన్ (నలిగేటప్పుడు చూపే బలం) రెంటినీ కలిపి. బిల్‌స్టీన్ బీ16, ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్ రెండో రకం. బిల్‌స్టీన్ బీ14 కి ఎత్తు మాత్రమే మారుతుంది, డంపింగ్ స్థిరం. కేడబ్ల్యూ వేరియంట్ 3 లో రీబౌండ్, కంప్రెషన్ విడివిడిగా తిప్పుకోవచ్చు. త్రీ వే, ఫోర్ వే రకాల్లో కంప్రెషన్‌ని నెమ్మది, వేగం అని మళ్లీ విడదీస్తారు. చాలావాటికి పక్కన ట్యూబుతో ఒక చిన్న ట్యాంకు వేలాడుతుంది. రోడ్డు మీద కూడా తిరిగే కారుకి, ఒక్కో మార్పు తర్వాత ల్యాప్ టైమూ టైరు వేడీ రాసుకునే ఓపిక లేనివాళ్లకి, త్రీ వే బరువే తప్ప లాభం కాదు. తప్పు దిక్కున తిప్పడానికి అందులో దారులు చాలా ఎక్కువ. ఆ డబ్బు మంచి వన్ వే డంపర్లకీ, ఇంకో జత స్ప్రింగ్‌లకీ, అలైన్‌మెంట్‌కీ పెడితే ఫలితం కనిపిస్తుంది.

మోనోట్యూబ్‌లో ఒకే గొట్టం, కింద తేలే పిస్టన్, దాని వెనక ఎక్కువ ఒత్తిడిలో నైట్రోజన్. నూనెకీ వాయువుకీ మధ్య అడ్డు ఉంటుంది కాబట్టి ట్రాక్ మీద వేడెక్కినా నూనె నురగ కట్టదు. గొట్టం నేరుగా గాలికి తగులుతుంది, త్వరగా చల్లబడుతుంది. రాయి తగిలి గొట్టానికి సొట్ట పడితే మాత్రం పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్‌లో రాపిడి తక్కువ, బయటి గొట్టానికి సొట్ట పడినా లోపలిది పనిచేస్తుంది, చిన్న గతుకుల మీద మెత్తగా ఉంటుంది. రెండిట్లోనూ మంచివీ చెడ్డవీ ఉన్నాయి. స్ట్రట్ కార్లకి మోనోట్యూబ్ తీసుకుంటే తలకిందులుగా అమర్చిన రకం చూడండి. స్ట్రట్ మీద పక్క బలం పడుతుంది, అక్కడ సన్నటి రాడ్ బదులు లావు గొట్టమే ఆ బలాన్ని మోస్తుంది.

కొనేముందు అడగాల్సిన కాగితం ఒకటి ఉంది: డంపర్ డైనో గ్రాఫ్, అంటే ఏ వేగానికి డంపర్ ఎంత బలం చూపిస్తుందో యంత్రం మీద కొలిచి గీసిన గీత. నాలుగు డంపర్లకీ, కనీసం మూడు సెట్టింగుల్లో. ఎడమ కుడి గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. ఒకే క్లిక్ దగ్గర ఎడమది ఒకలా కుడిది ఒకలా ఉంటే కారు ఒక వైపు మలుపులో బాగుండి రెండో వైపు మొండికేస్తుంది, ఎన్ని తిప్పినా సరికాదు. గ్రాఫ్ ఇవ్వలేని సెట్ ఎంత చవకైనా ఒకసారి ఆలోచించుకోండి. నూనె, సీళ్లు మార్చి తిరిగి కట్టే వర్క్‌షాప్ అందుబాటులో ఉందా అన్నది కూడా అప్పుడే కనుక్కోవాలి. ట్రాక్ వాడకంలో సీల్ కారడం అరుదు కాదు.

ఫ్యాక్టరీ నుంచే ఎలక్ట్రానిక్ డంపర్లు ఉన్న కారైతే, వాటిని తీసేయగానే డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలగకుండా చేసే, ఆ కారుకి సరిపడే క్యాన్సిలేషన్ మాడ్యూల్ సెట్‌తో వస్తుందా అని ముందే చూసుకోండి. ఎత్తు మార్చుకునే స్ప్రింగ్‌లు మాత్రమే వేసి ఆ డంపర్లను ఉంచేయడం కూడా చాలా కార్లకి తెలివైన దారి.

బిగించేటప్పుడు

పై నట్ దగ్గర ఇంపాక్ట్ గన్ వాడొద్దు. రాడ్ గిర్రున తిరిగి సీల్ గీసుకుపోతుంది, లోపలి పిస్టన్ నట్ కూడా వదులవ్వచ్చు. రాడ్ కొసని అలెన్ కీతో పట్టుకుని, స్పానర్‌తో నట్ తిప్పి, చివర టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన అంకెకి బిగించాలి. రాడ్ మెరిసే భాగాన్ని ప్లయర్‌తో పట్టుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. కంటికి కనిపించని గీత చాలు, సీల్ కారడానికి.

బ్రేక్ హోస్, ఏబీఎస్ తీగ పాత బ్రాకెట్ల నుంచి విప్పేముందే అవి ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో ఫోటో తీసుకోండి. కొత్తది బిగించాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం వేలాడేసి, ఎక్కడా లాగకుండా ఉందో లేదో చూడండి. స్వే బార్ (కారు పక్కకి వాలడాన్ని తగ్గించే, ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ) లింకుల పొడవు కొత్త ఎత్తుకి సరిపోకపోతే బార్ ఆర్మ్‌కి తగులుతుంది. పొడవు సర్దుకునే లింకులు వేయాల్సి రావచ్చు.

రబ్బరు బుష్‌లు ఉన్న ఆర్మ్ బోల్టులను కారు జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా బిగించకండి. లోపలి ఇనుప గొట్టం ఆ స్థితిలో పట్టేసి, కారు దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. ఎత్తు తప్పుగా కనిపిస్తుంది, కారు బిగుసుకుని నడుస్తుంది, కొన్ని నెలల్లో బుష్ చిరుగుతుంది. బోల్టులు వేళ్లతో బిగించి, కారు చక్రాల మీద నిలబెట్టి, అటూ ఇటూ కాస్త నడిపి, ఆ ఎత్తులోనే చివరి టార్క్ ఇవ్వాలి. దించిన ఎత్తు మళ్లీ 15, 20 మి.మీ. మార్చితే ఈ బోల్టులు వదిలి మళ్లీ బిగించాల్సిందే.

మర గొట్టం మీద స్ప్రింగ్ సీటు, లాక్ రింగ్ వేసే ముందు దుమ్ము తుడిచి, ఆరిపోయే రకం లూబ్రికెంట్ పూయండి. గ్రీజు పూస్తే ఇసుక అంటుకుని మర తినేస్తుంది. 150, 200 కి.మీ. తిరిగాక లాక్ రింగులు, పై నట్, లింకు బోల్టులు మళ్లీ చూడాలి. స్టీరింగ్ తిప్పుతుంటే టంగుమని మోగితే స్ప్రింగ్ మెలిపడి జారుతున్నట్టు, పై మౌంట్‌లో బేరింగ్ లేదు లేదా పట్టేసింది. చిన్న గతుకులకే టక్‌టక్ మంటే పై నట్, లాక్ రింగ్, లింకు ఈ మూడింటిలో ఒకటి వదులు. క్యాంబర్ ప్లేట్‌లోని (క్యాంబర్ సర్దుకోనిచ్చే పై మౌంట్) గోళాకార బేరింగ్ అరిగినా ఇలాగే మోగుతుంది. నీరూ బురదా తగిలే రోడ్డు కారులో ఈ బేరింగులు తొందరగానే అరుగుతాయి, వాటి మీద రబ్బరు కప్పు వేయించండి.

ఆ తర్వాతే అలైన్‌మెంట్. ముందు క్యాంబర్ మైనస్ 2.0 నుంచి 2.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.5 నుంచి 2.0, ముందు టో సున్నా, వెనక రెండు చక్రాలు కలిపి 0.2 డిగ్రీల టో-ఇన్. ఇక్కడ మొదలుపెట్టొచ్చు. రోడ్డు మీద టైర్లను తినేది ఎక్కువగా టో, అంత క్యాంబర్ కాదు. ట్రాక్ మీద టైరు బయటి అంచే అరుగుతుంటే క్యాంబర్ ఇంకా పెంచాలి.

నాలుగు మూలల బరువు తూకం కూడా అవకాశం ఉంటే చేయించండి. డ్రైవర్ బరువు సీటులో పెట్టి, టైర్ల గాలి సరిచేసి, స్వే బార్ లింకు ఒక వైపు విప్పి తూచాలి. ముందు ఎడమ 352, ముందు కుడి 318, వెనక ఎడమ 300, వెనక కుడి 330 వచ్చాయనుకుందాం. మొత్తం 1300. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 618, అంటే 47.5 శాతం. 50 దగ్గర ఉండాలి. ఒక మూల ఎత్తితే ఆ మూలకీ దానికి ఐమూలగా ఉన్న మూలకీ బరువు పెరుగుతుంది. ముందు కుడి, వెనక ఎడమ సీట్లు అర చుట్టు పైకి, మిగతా రెండూ అర చుట్టు కిందికి తిప్పి, కారు ఊపి, మళ్లీ తూచండి. ఇలా చేస్తే సగటు ఎత్తు మారదు. పూర్తయ్యాక లింకు బోల్ట్ బలవంతం లేకుండా దానంతట అదే దూరేలా లింకు పొడవు సర్ది బిగించాలి.

ఇప్పుడు క్లిక్కులు

నాబ్ పూర్తిగా గట్టి వైపు మూసి, అక్కడి నుంచి వదులు చేస్తూ లెక్కపెట్టండి. మూసేటప్పుడు వేళ్ల బలం చాలు, లోపల సన్నటి సూది ఉంటుంది, బలవంతం చేస్తే దాని కొస చెడుతుంది. తయారీదారు చెప్పిన మధ్య సెట్టింగ్‌తో మొదలుపెట్టి, ఒకసారి ఒక ఇరుసుకే, రెండేసి క్లిక్కులు. టైర్ల గాలి సరిచూడకుండా నాబ్ ముట్టుకోవద్దు.

డంపర్ తన రాడ్ కదులుతున్నప్పుడే పనిచేస్తుంది. మలుపు మధ్యలో, కారు ఒక పక్కకి వాలి స్థిరపడ్డాక, రాడ్ కదలడం లేదు. అప్పుడు కారు బయటికి జారుతుంటే డంపర్‌తో సరిచేయలేరు. స్ప్రింగ్, స్వే బార్, క్యాంబర్, గాలి వైపు చూడాలి. మలుపులోకి దిగే మొదటి క్షణంలోనో, గ్యాస్ తొక్కి బయటికి వచ్చేటప్పుడో తేడా ఉంటేనే డంపర్ వంతు. దిగేటప్పుడు ముక్కు మొండికేస్తే ముందు కంప్రెషన్ రెండు క్లిక్కులు మెత్తగా. వెనక చక్రాల పట్టు బయటికి వచ్చేటప్పుడు పోతుంటే వెనక కంప్రెషన్ మెత్తగా.

రీబౌండ్ తక్కువైతే గతుకు దాటాక కారు రెండోసారి ఊగుతుంది, ఇది అందరికీ తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాళ్లు తక్కువ. వరసగా గతుకులు వచ్చినప్పుడు చక్రం కిందికి దిగేలోపే తర్వాతి గతుకు తగులుతుంది. ఒక్కో గతుక్కీ కారు కొంచెం కొంచెం కిందికి కుంగి, చివరికి బంప్ స్టాప్‌ల మీద కూర్చుంటుంది. పైకి అది స్ప్రింగ్ చాలనట్టు అనిపిస్తుంది. వెంటనే గట్టి స్ప్రింగ్ కొనేముందు రీబౌండ్ నాలుగు క్లిక్కులు వదిలి అదే రోడ్డు మీద నడిపి చూడండి. రాడ్ మీద కేబుల్ టై తక్కువ దూరంలో ఆగితే తప్పు స్ప్రింగ్‌ది కాదు.

రోడ్డు సెట్టింగ్, ట్రాక్ సెట్టింగ్ అని రెండు రాసిపెట్టుకుంటే మంచిది. రెంటికీ మధ్య తేడా ఐదారు క్లిక్కులు దాటాల్సి వస్తోందంటే, ఆ కారులో స్ప్రింగ్ ఈ రెండు పనుల్లో ఏదో ఒకదానికే సరిపోతోంది. ఎండాకాలం ట్రాక్ మీద డంపర్ వేడెక్కి నూనె పల్చబడుతుంది, పొద్దున కుదిరిన సెట్టింగ్ మధ్యాహ్నానికి మెత్తగా అనిపిస్తుంది, ఒకటి రెండు క్లిక్కులు గట్టి చేయాల్సి రావచ్చు. ట్రాక్ నుంచి దిగి ఇంటికి బయల్దేరేముందు వాటిని వెనక్కి తిప్పి, చక్రం బోల్టుల టార్క్ చూసుకుని, రాడ్ల చుట్టూ వేలితో తుడిచి నూనె తగులుతోందా అని చూడండి. పల్చటి మెరుపు కనిపిస్తే ఫర్వాలేదు. వేలికి తడి అంటి కిందికి చార కట్టి ఉంటే సీల్ పోయింది. ఆ డంపర్ విప్పి పంపే వరకు మళ్లీ ట్రాక్ ఎక్కొద్దు.